సానివలస

జూలై 8

నువ్వు నవ్వావు.

అబద్ధమాడకు. పైన ఊరి పేరు చూడగానే నీ పెదవి ఓ పక్కకి వంగింది. నువ్వెవరివో నాకు తెలీదు. ఈ నోట్‌బుక్ ఎవరికీ చూపించే ఉద్దేశం లేదు. అయినా అంటున్నాను. చదువుకున్నవాడివే అయ్యుంటావు. స్త్రీల హక్కుల మీటింగుకి వచ్చి ముందు వరసలో కూర్చుని చప్పట్లు కూడా కొట్టి ఉంటావు. సాని అన్న మాట చెవిన పడగానే మాత్రం నీకు తట్టేది ఒకటే కొంప, ఒకటే గుమ్మం.

ఏడువందల యాభై ఏళ్ల కిందట ఆ మాటకి అమ్మగారు అని అర్థం. యజమానురాలు. స్వామిని అన్నది నోళ్లలో నలిగి సాని అయింది. రాణుల పేర్ల చివర ఉండేది. సేనాపతుల భార్యల పేర్ల చివర ఉండేది. గుడిలో ఆడి పాడే స్త్రీల పేర్ల చివరా ఉండేది, వాళ్లు దానాలిచ్చి శాసనాలు వేయించుకునేవారు. ఆ మాటని బూతు చేసిందెవరు? నీ తాత. నా తాత కూడా.

ఇదంతా ఇవాళ ఎందుకంటే పుష్ప వల్ల. బి.ఏ. ఫైనలియర్. తగరపువలసలో మా డిగ్రీ కాలేజీ హిస్టరీ సెక్షన్‌లో ఈ ఏడు మిగిలిన ఐదుగురిలో ఒకతె. సీట్లు అరవై. క్లాసయ్యాక ఫోన్ పట్టుకొచ్చింది. మా ఊళ్లో బట్టలుతికే రాయండి, దీని మీద రాతలున్నాయి, మీరు మొన్న బోర్డు మీద గీసిన పాత ‘క’ ఇక్కడ ఉందండి సార్ అంది. జూమ్ చేశాను. పదమూడో శతాబ్దం. ఎవరూ చదవని రాయి.

అప్పటికప్పుడు బస్సెక్కాలి. ఎక్కలేదు. పదేళ్ల కిందటైతే ఎక్కేవాణ్ని.

మీదే ఊరమ్మా అన్నాను. ఇటు అటు చూసి, నెమ్మదిగా చెప్పింది.


జూలై 13, ఆదివారం

పెందుర్తి నుంచి ఆనందపురం మీదుగా తగరపువలస. అక్కడ షేర్ ఆటో. డ్రైవర్ బయట నిలబడి కేకలు. సాని, సాని, సాని, ఇద్దరుంటే ఎల్లిపోదాం! పక్కన పళ్ల బండి దగ్గర కుర్రాళ్లు ఒకర్నొకరు మోచేత్తో పొడుచుకున్నారు. పుష్ప తల వంచుకుని ఎక్కింది. రోజూ ఇక్కడ ఎక్కనండి, పాలకేంద్రం దాకా నడిచి ఎక్కుతాను, ఇవాళ మీరున్నారని అంది. కిలోమీటరున్నర నడక. రెండేళ్లుగా.

రాయి బోరింగు దగ్గర ఉంది. నడుం ఎత్తు. పుష్ప వాళ్లమ్మ చిట్టెమ్మ బకెట్లు పక్కకి జరిపింది. మార్కెట్‌లో ఆకుకూరలు అమ్ముతుంది. ఏటి మేస్టారూ, ఇన్నేల్లు దీని మీదే ఉతికినాం, ఒక్కచ్చరం కూడా మాకు అంటలేదు అని నవ్వింది.

కొబ్బరి పీచుతో రాయిని కడిగాం. తడి కాగితం పరిచి, బ్రష్షుతో కొట్టి కొట్టి గుంటల్లోకి దింపాం. ఆ తర్వాత సిరాలో ముంచిన గుడ్డ ఉండతో పైన అద్దాలి. చెక్కిన అక్షరం తెల్లగా మిగులుతుంది, చుట్టూ నల్లబడుతుంది. అచ్చు తీయడం అంటే ఇదే. పుష్ప చెయ్యి నా చెయ్యి కంటే తేలిక. ఇరవై ఏడేళ్ల సర్వీసులో ఇంత తొందరగా నేర్చుకున్నవాళ్లని చూడలేదు. ఈ మాట దానితో అనలేదు. అనాల్సింది.

పదమూడు పంక్తులు. శకవర్షం 1190. కరువొచ్చి ఎక్కడి నుంచో వలస వచ్చిన జనం. గుండమసాని అనే ఆవిడ వాళ్లకి ఇక్కడ భూమి చూపించి, ఏడేళ్లు అరి, అంటే పన్ను, వదిలేసింది. ఈ ధర్మం చెరిచినవాడు గంగ ఒడ్డున వేయి కవిలల, అంటే ఆవుల్ని, చంపిన పాపాన పోతాడని చివర శాపం. గుడి కట్టలేదు, దీపం పెట్టలేదు. ఆకలితో వచ్చినవాళ్లకి నేలిచ్చింది. మన శాసనాల్లో ఇలాంటిది ఎంత అరుదో ఎవరికి చెప్పను?

నాలుగో పంక్తి పుష్పే చదివింది. వేలు పెట్టి, ఒక్కో అక్షరం. గు, గుం, డ, మ. అక్కడ ఆగింది. తర్వాతి రెండూ తెలుసు. బోరింగు దగ్గర ఆడవాళ్లు వింటున్నారు.

నేను గట్టిగా చదివాను. సాని!


జూలై 14

రెండో అచ్చు కూడా ఆరింది. పుష్ప తన పేరు, తేదీ పెన్సిల్‌తో మూలన రాసుకుంది. దాని చేత ఎమ్మే చేయించాలి.


జూలై 29

మాజీ సర్పంచ్ త్రినాథరావు స్టాఫ్‌రూమ్‌కి వచ్చాడు. తెల్లచొక్కా, ఆకుపచ్చ ఫైలు. ఊరి పేరు మార్చమని గ్రామసభ తీర్మానం చేసింది. తహసీల్దార్ ఆఫీసులో చరిత్ర ఆధారం అడిగారు. చరిత్ర ప్రొఫెసర్ లెటర్‌హెడ్ మీద నాలుగు ముక్కలుంటే కలెక్టర్ దగ్గరకి వెళుతుందట.

అబద్దం రాయమంతల్లేదు మేస్టారూ అన్నాడు. ఆ మాట సామిని నుంచొచ్చిందని మీరే సెప్పినారంట, మా పుష్ప సెప్పింది. అదే రాయండి. స్వామినివలస అని పెట్టుకుంతాం. ఒక్కచ్చరం పెరుగుద్ది, మీదేటి పోద్ది? వాళ్లబ్బాయి గాజువాకలో ఏదో కంపెనీలో చేస్తాడు. చేరిన రోజు ఫారంలో ఊరి పేరు రాశాడు. ఆ రోజుతో ఆడి పేరు పోయింది బాబూ, సానిగాడు అంతన్నారు, ఆడి సూపర్‌వైజర్ కూడా అలగే పిలుత్తన్నాడు.

నేను రాయనన్నాను.

నలభై నిమిషాలు మాట్లాడాను. మాటకి సిగ్గు లేదు, నవ్వేవాడికి ఉండాలి అన్నాను. తిట్టు వాళ్ల నోట్లో ఉంటే మీ పేరెందుకు కోసుకుంటారు అన్నాను. ఇవాళ ఊరి పేరు దాచారు, రేపు కులం దాస్తారు, ఎల్లుండి అమ్మని దాస్తారు అన్నాను. నేలిచ్చి ఏడేళ్లు పన్ను మాఫీ చేసిన తల్లి పేరు మీరే చెరిపితే ఆ శాపం మీకే అని కూడా అన్నాను. శాపాల్ని నమ్మను నేను. అయినా వాడుకున్నాను.

అంతా విన్నాడు. బావుందండి అన్నాడు. మీదేవూరండీ అన్నాడు. నాన్న గన్నవరం వైపు నుంచి స్టీల్‌ప్లాంట్ ఉద్యోగానికి వచ్చారు, ఉక్కునగరం క్వార్టర్లో పెరిగాను, ఇప్పుడు పెందుర్తి అన్నాను.

అన్నీ మంచి పేర్లేనండి అని లేచి దండం పెట్టి వెళ్లిపోయాడు.


ఆగస్టు 2

రాణికి చెప్పాను. మా ఆవిడ హైస్కూల్లో లెక్కలు చెబుతుంది. నా వాదనలన్నీ పాతికేళ్లుగా వింటోంది, సగం విని మార్కులేసేస్తుంది.

అంత గొప్ప మాటే అయితే రేపు నన్ను స్కూల్ దగ్గర దింపినప్పుడు గట్టిగా పిలవండి అంది. రాణీసానీ, టిఫిన్ బాక్సు మర్చిపోయావు అని. గేటు దగ్గర పిల్లలందరికీ వినపడాలి. పిలుస్తారా?

అది వేరు అన్నాను.

ఏం వేరు అంది. ఉల్లిపాయలు తరుగుతూనే ఉంది. తల ఎత్తలేదు.

ఇలాంటప్పుడు నేనేం చేస్తానో నాకు తెలుసు. లోపలికెళ్లి ఆదివారం పేపర్‌కి నా వ్యాసం రాశాను. మూడు గంటలు. మధ్యలో లేవలేదు. చివరి వాక్యం రాసినప్పుడు ఎన్నాళ్లకో ఒంట్లో కాస్త వేడి పుట్టింది. ‘పన్ను లేని నేల మీద నిలబెట్టిన ఆ తల్లికి మనమందరం సాని బిడ్డలమే’ అని.


ఆగస్టు 10, ఆదివారం, ఉదయం 6.20

పేపరొచ్చింది. తొమ్మిదో పేజీ, సగం పేజీ.

నేను పెట్టిన శీర్షిక ‘ఒక మాట మీద ఏడువందల యాభై ఏళ్ల దాడి.’ వాళ్లు తీసేశారు. నా చివరి వాక్యంలోంచి ముక్క కోసి, ‘మనమందరం’ తీసి ‘మేము’ చేసి, ఎర్ర అక్షరాల్లో పెద్దది వేశారు.

మేము సాని బిడ్డలం.

దాని కింద ఫొటో. నేను పంపిందే. అచ్చు కాగితం రెండు మూలలూ పట్టుకుని పుష్ప, పక్కన నేను. కాలమ్ వెడల్పు సరిపోలేదని నన్ను కత్తిరించారు. పుష్ప ఒక్కతే మిగిలింది. కింద క్యాప్షన్: ‘శాసనం అచ్చుతో సానివలస యువతి.’ మూలన చిన్న బాక్సులో ఆ రెండక్షరాలూ పెద్దవి చేసి ఎర్ర గీత చుట్టారు.

ఫొటో తీసేటప్పుడు రికార్డుకమ్మా అని చెప్పాను. పేపర్‌కి పంపుతానని చెప్పలేదు. అడగలేదు. అడగాలని తట్టలేదు. ముప్పై ఏళ్లుగా స్త్రీల తరఫున రాస్తున్నవాణ్ని.

డెస్క్‌కి ఫోన్ చేశాను. సబ్‌ఎడిటర్ నిద్రమత్తులో ఉన్నాడు. సార్, మీ లైనే కదా, హెడ్డింగ్‌కి బలంగా ఉందని పెట్టాం అన్నాడు. బాగా వెళుతోంది సార్ అన్నాడు.

రాణి పేపర్ తీసుకుని చదివింది. మొత్తం చదివింది. మడిచి బల్ల మీద పెట్టింది.


ఆగస్టు 11

నెట్‌లో ఎనిమిది వందల షేర్లు. ‘సాహసోపేతం’ అని విజయవాడ నుంచి ఒక మిత్రుడు.

పుష్ప క్లాసుకి రాలేదు.


ఆగస్టు 12

రాలేదు.


ఆగస్టు 14

కామర్స్ సెక్షన్ కుర్రాళ్ల వాట్సాప్ గ్రూపులో ఫొటో తిరుగుతోందని అటెండర్ రాము చెప్పాడు. చూస్తారా సార్ అన్నాడు. చూశాను. హెడ్డింగూ ఫొటో ఉంచి, నా వ్యాసం తీసేశారు. రెండువేల మాటలు రాశాను. మూడే మిగిలాయి.

కింద కామెంట్లు ఇక్కడ రాయను.


ఆగస్టు 19

చిట్టెమ్మ వచ్చింది. కాలేజీకి ఎప్పుడూ రాలేదట. గేటు దగ్గర వాచ్‌మన్ ఆపి ఏ ఊరు అని అడిగాడట. రిజిస్టర్‌లో రాయాలి కదా. చెప్పిందట. అతనూ నవ్వాడో లేదో నేను అడగలేదు.

కేకలేస్తుందనుకున్నాను. సిద్ధంగా ఉన్నాను కూడా. తిట్టినవాళ్లతో ఎలా మాట్లాడాలో నాకు బాగా వచ్చు. ఆవిడ తిట్టలేదు. కుర్చీలో కూర్చోమంటే కూర్చోలేదు, బెంచీ మీద చివర కూర్చుంది.

నాను సదువుకోలేదు మేస్టారూ అంది. మీరు రాసిందంతా మా పిల్లే సదివి ఇనిపించింది. బాగుంది. ఆ గుండమ్మతల్లి కత ఇంటంటే కన్నీల్లొచ్చినాయి. మరి మా పిల్ల బొమ్మ ఎందుకేసినారు? మీ బొమ్మ ఏసుకోపోయినారా? ఆ మాట నెత్తినెట్టుకుని ఊరేగడానికి మీకు నా కూతురి నెత్తే దొరికిందా?

నా బొమ్మ కూడా పంపాను, వాళ్లు కత్తిరించారు అన్నాను. ఆ మాట నోట్లోంచి వచ్చాక ఎలా ఉందో నాకే వినపడింది.

అవునా అంది. మిమ్మల్నయితే కత్తిరించీగలరు.

తర్వాత ఇంకొకటి అడిగింది. ‘నేను కనుగొన్న శాసనం’ అని రాసినారంట. రాయి సూపించింది ఎవులు?

వెతికాను. నిజమే. రెండో పేరాలో ఉంది. రాసేటప్పుడు ఆలోచించి రాసిన మాట కాదు. చెయ్యి అలవాటుగా రాసేసింది. ఆలోచించి రాసి ఉంటే కనీసం దొంగనని తెలిసేది.

సవరణ వేయిస్తానమ్మా అన్నాను. గబుక్కున లేచింది. ఒద్దు బాబూ, దండం పెడతాను, ఇంకేటీ రాయొద్దు, మీరు రాత్తే నాకు బయ్యమేత్తంది అంది.

వెళుతూ వెళుతూ కొత్తిమీర కట్టొకటి బల్ల మీద పెట్టింది. మార్కెట్ నుంచి నేరుగా వచ్చినట్టుంది. అలవాటు కాబోలు, ఎవరింటికెళ్లినా ఉత్త చేతులతో వెళ్లకపోవడం.


సెప్టెంబరు 4

ఊరికి వెళ్లాను. పాలకేంద్రం దగ్గర దిగి నడిచాను.

బోరింగు దగ్గర మూడు బైకులు. తగరపువలస కుర్రాళ్లు. రాయి మీద చెయ్యేసి ఒకడు, ఎదురుగా ఫోన్ పట్టుకుని ఇంకొకడు. నాలుగో పంక్తిలో ఆ రెండక్షరాల మీద సుద్దముక్కతో బాణం గీశారు. బకెట్లు పట్టుకుని ఇద్దరు ఆడవాళ్లు అంత దూరంలో నిలబడి ఉన్నారు, వీళ్లు పోతే ఉతుక్కుందామని.

మీద పడ్డాను. అరిచాను. సిగ్గులేదా, మీకు అమ్మల్లేరా అన్నాను. అందులో ఒకడు నిజంగా బెదిరిపోయి, ఫోన్ జేబులో పెట్టుకుంటూ అన్నాడు. సార్, మీ ఆర్టికల్ చూసే వచ్చాం సార్.

వెళ్లిపోయారు. సుద్దగీత తడిగుడ్డతో తుడిచాను. అక్షరాల గుంటల్లోకి దిగిన సుద్ద పోలేదు. ఇంకా తెల్లగా, ఇంకా స్పష్టంగా కనపడింది.

పుష్ప బయటకి రాలేదు. తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల ఉందని చెప్పులు చెబుతున్నాయి. ఒంట్లో బాలేదు మేస్టారూ అని చిట్టెమ్మ. మజ్జిగ ఇచ్చింది. తాగాను. పది నిమిషాలు అరుగు మీద కూర్చున్నాను. తలుపు వైపు తిరిగి ఒక మాట చెబుదామనుకున్నాను. నా దగ్గర ఉన్నవన్నీ పేరాలే.


సెప్టెంబరు 26

ప్రిన్సిపాల్ గురునాథరావు పిలిచాడు. పుష్ప హాజరు నలభై ఒక్క శాతం. డెబ్బై అయిదు కావాలి. తక్కువైనవాళ్లు కండోనేషన్ ఫారం పెట్టుకోవాలి, హెచ్ఓడీ సంతకంతో, అంటే నాది, నవంబరు అయిదు లోపు. లేకపోతే హాల్‌టికెట్ రాదు. అయిదో సెమిస్టర్ పోతే ఈ ఏడు డిగ్రీ చేతికి రాదు, ఎమ్మే ఎంట్రన్స్ ఉండదు.

ఫారం స్టూడెంటే పెట్టాలి, మీరు పెడితే కుదరదు అన్నాడు. ఉన్నదే ఐదుగురు, నలుగురయితే డిపార్ట్‌మెంట్ మూసెయ్యమంటారు, మీ వ్యాసం మీకే చుట్టుకుంది మహానుభావా అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. మంచివాడే.

డిపార్ట్‌మెంట్ సంగతి వింటే ఏమన్నా అనిపించాలి. అనిపించలేదు. ఇంటికొచ్చేటప్పుడు ఆనందపురం దగ్గర బస్సు గంటసేపు ఆగిపోయింది. ఆ గంటా దేని గురించి ఆలోచించానో గుర్తులేదు.


అక్టోబరు 12, ఆదివారం

త్రినాథరావు ఫోన్. మేస్టారూ, రాయి ఎవులో కొట్టీసినారు, ఒకసారొచ్చి సూడండి.

వెళ్లాను. పగలగొట్టారనుకున్నాను. ముక్కలవుతుందని, శాపం పంక్తి ఎక్కడో గడ్డిలో దొరుకుతుందని దారంతా ఊహించుకున్నాను. రాయి నిలబడే ఉంది. చుట్టూ జనం. తాగి ఎవడో చేసుంటాడు అని ఒకరు, బైకులోళ్లే అని ఒకరు.

దగ్గరకెళ్లి చూశాను.

నాలుగో పంక్తిలో రెండక్షరాల మేర ఉలితో చెక్కేసి ఉంది. వేలెడంత వెడల్పు, శుభ్రంగా. పక్కన గుండమ చెక్కు చెదరలేదు. పైనా కిందా పంక్తులకి గీత కూడా తగల్లేదు. తొమ్మిదో పంక్తికి దిగాను. అక్కడ ఆ పేరు రెండోసారి వస్తుంది. అది పేపర్లో వెయ్యలేదు. ఎర్ర గీత చుట్టింది నాలుగో పంక్తికే. బైకుల కుర్రాళ్లు బాణం గీసిందీ దానికే. తొమ్మిదో పంక్తిలో అక్షరాలు అరిగిపోయి ఉంటాయి, మామూలు కంటికి గీతల్లా కనపడతాయి. అక్కడ కూడా ఆ రెండే తీసేశారు.

ఈ మండలంలో ఆ పంక్తి చదవగలిగినవాళ్లు ఇద్దరం. ఒకణ్ణి నేను.

జనం నా మొహం చూస్తున్నారు. ఎవరై ఉంటారు మేస్టారూ అని త్రినాథరావు అడిగాడు. చెప్పలేను అన్నాను.

చిట్టెమ్మ ఇంటి తలుపు ఇవాళ బార్లా తెరిచి ఉంది. నేను అటు వెళ్లలేదు.


అక్టోబరు 13

పేపర్ విలేకరి. చారిత్రక శాసనం ధ్వంసం, ప్రొఫెసర్ ఆవేదన అని పెడదాం సార్, పోలీస్ కంప్లయింట్ ఇస్తే ఫస్ట్ పేజీ అన్నాడు.

ధ్వంసం కాదు, పాత రాయి కదా, పెచ్చులూడింది అన్నాను. రెండు చోట్లా అక్కడేనా సార్ అన్నాడు. రాయికి లక్ష కారణాలుంటాయి అన్నాను.

ఇరవై ఏడేళ్లలో ఒక శాసనం గురించి అబద్ధం చెప్పడం ఇదే మొదలు. తేలిగ్గానే వచ్చింది.


అక్టోబరు 15, ఉదయం 5.40

నిద్ర పట్టక లేచింది కాదు, మామూలుగానే లేచాను. కాఫీ కూడా తాగాను.

రాళ్ల మీద పేర్లు చెక్కేయడం గురించి నేను పాఠం చెబుతాను. రాజు మారితే పాత రాజు బిరుదులు చెక్కేయించేవారు. మతం మారితే దేవుడి పేరు చెక్కేయించేవారు. క్లాసులో దాన్ని దౌర్జన్యం అని చెబుతాను. అధికారం ఉన్నవాడు జ్ఞాపకాన్ని చంపే పద్ధతి అని బోర్డు మీద రాస్తాను, పిల్లలు రాసుకుంటారు. పుష్ప కూడా రాసుకుంది. ఇప్పుడు ఉలి దాని చేతిలో ఉంది. అధికారం ఎవరి దగ్గర ఉందో చెప్పండి ప్రొఫెసర్ గారూ. పన్నెండేళ్లుగా ప్రతి ఆదివారం పేపర్లో సగం పేజీ ఎవరిదండీ?

మాటని కాపాడాలి అన్నాను. మాటని ఎవరు మొయ్యాలి అని అడగలేదు. నేను దాన్ని వ్యాసంలో మోశాను. ఆటోలో మొయ్యలేదు. రిజిస్టర్‌లో మొయ్యలేదు. నా భార్యని పిలవమంటే అది వేరు అన్నాను. రాణి అడిగిన రోజే ఈ వాదన ఓడిపోయింది, నేను ఓటమిని ప్రచురించాను.

అయినా, ఇదీ రాయాలి. నేను చెప్పినదాంట్లో తప్పు లేదు. ఆ మాట గొప్పదే. నవ్వేవాడే నీచుడు. ఇవాళ్టికీ అదే అంటాను, ఎవరితోనైనా వాదిస్తాను. వాదన నిజమే. దాని కింద ఒక పిల్ల చదువు పోతోంది. ఈ రెండూ ఒకే పేజీలో ఎలా రాయాలో నాకు ఎవరూ నేర్పలేదు.

ఒక పిల్ల. నాకంటే బాగా అచ్చు తీసే పిల్ల. పక్క అక్షరానికి దెబ్బ తగలకుండా చెక్కింది. ఎంత జాగ్రత్తగా చేసిందో తలుచుకుంటుంటే. మిగతా శాసనమంతా దానికి కావాలి. అందుకే అంత శుభ్రంగా.

కాఫీ గ్లాసు కడగాలి.


అక్టోబరు 22

త్రినాథరావుకి అప్పుడు ఇవ్వనన్న లెటర్ నాలుగుసార్లు మొదలుపెట్టాను. నాలుగుసార్లూ వ్యాసం అయింది. చించేశాను.


అక్టోబరు 30

ఫారం రాలేదు. ఇంకా ఆరు రోజులు.


నవంబరు 3

చిట్టెమ్మ పాలిథిన్ కవర్ ఇచ్చి వెళ్లింది. కూర్చోలేదు. లోపల కండోనేషన్ ఫారం, ఒక రూళ్ల కాగితం. పుష్ప దస్తూరి. సంబోధన లేదు. ఉన్నది ఉన్నట్టు కాపీ చేస్తున్నాను.

1. ఫారం మీద సంతకం చేసి రేపు మా అమ్మకి మార్కెట్ దగ్గర ఇవ్వండి. మీరు ఊరికి రావద్దు. పరీక్ష హాల్లో నాతో మాట్లాడొద్దు.

2. ఇంటర్నెట్ పేపర్లో నా ఫొటో తీయించండి. సారీ చెబుతూ మళ్లీ ఆ ఫొటో వెయ్యొద్దు.

3. త్రినాథరావు మావయ్య అడిగిన లెటర్ ఇవ్వండి. ఒక పేజీ చాలు. స్వామిని నుంచి సాని వచ్చింది అని క్లాసులో చెప్పిన నాలుగు వాక్యాలే రాయండి. మీ అభిప్రాయం వద్దు.

4. రాయి పెచ్చులూడింది అని చెప్పారట. ఊడలేదు. నాలుగో పంక్తిలో రెండు, తొమ్మిదో పంక్తిలో రెండు అక్షరాలు ఈ సంవత్సరం ఉలితో తీసేశారు అని రికార్డులో రాయండి. ఎవరు అని అడిగితే నన్ను అడగమనండి.

5. తీసిన రెండు అచ్చుల్లో ఒకటి నాది. పంపండి. మడత పెట్టొద్దు.

6. శాసనం కనుక్కున్నది నేను. చరిత్ర జర్నల్‌కి దాని మీద వ్యాసం నా పేరుతో వెళ్లాలి. పేరు కింద ఊరు రాసే చోట ఖాళీ వదలండి. నేను రాసుకుంటాను.